స్తంభం మీది నైటీ

తోళ్ళ ఫ్యాక్టరీలో అతన్ని అందరూ స్తంభం అంటారు. మనిషి పొడవు అలాంటిది మరి. అతను వస్తుంటే గుమ్మాలే ఒక జానెడు పైకి జరిగి దారిస్తాయని ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది కూడా అతనే. ఎనిమిదో తరగతితో బడి ఎందుకు మానేశావని అడిగితే, లెక్కల్లో సున్నా వచ్చిందని చచ్చినా చెప్పడు. తరగతి గది కప్పు రోజూ తన తలకి తగిలి పెచ్చులూడుతుంటే, కప్పు బాగుచేయించడం కన్నా నువ్వు మానేయడమే నయం నాయనా అని మేష్టారే చేతులు పట్టుకుని బతిమాలాడని చెబుతాడు. విన్నవాళ్ళు నవ్వుతారు, నమ్మరు. నమ్మకపోయినా రెండోసారి చెప్పించుకుంటారు.

ఫ్యాక్టరీ కాగితాల్లో అతని ఉద్యోగం పేరు హెల్పరు. అంటే ఎవరిదీ కాని పని ఏదైనా అతనిదే. నిచ్చెన లేకుండా ట్యూబులైట్లు మారుస్తాడు, కప్పు మీద చేరిన చెత్త దులుపుతాడు, గాలిసంచి చూసుకుంటాడు. గాలిసంచి అంటే స్తంభం చివర కట్టిన పొడుగాటి గుడ్డ గొట్టం. ఒక నోరు పెద్దది, ఒక నోరు చిన్నది. గాలి పెద్ద నోట్లోంచి దూరి గుడ్డని ఉబ్బిస్తుంది, చిన్న నోరు ఎటు చూపిస్తే గాలి అటు పోతున్నట్టు. ఫ్యాక్టరీకి దక్షిణం పక్కనున్న గోదాము కప్పు మీద, నలభై అడుగుల ఇనప స్తంభానికి అది వేలాడుతుంటుంది. దాని వంక తలెత్తి చూసేవాడు ఒక్కడూ లేడు. ఇద్దరు స్తంభాలూ ఒకరికొకరు తోడని ఎగతాళి చేసేవాళ్ళు మాత్రం నూట నలభై మంది ఉన్నారు.

దాని అవసరం ఎందుకొచ్చిందంటే, తోళ్ళ మీది వెంట్రుకలు ఊడగొట్టిన మందునీళ్ళన్నీ పడమటి వైపున్న తొట్లలో చేరతాయి. ఆ నీళ్ళలో యాసిడ్ పడిందా, కుళ్ళిన గుడ్ల కంపుతో ఒక గ్యాసు లేస్తుంది. పీలిస్తే మనిషి పడిపోతాడు. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. గాలికన్నా బరువు కాబట్టి పైకి పోకుండా పిల్లిలా నేలని పట్టుకుని పాకుతుంది, కాలువ కనిపిస్తే అందులో దూరుతుంది. అన్నిటికన్నా పెద్ద మోసం ఏమిటంటే, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి కంపే తెలియదు. హమ్మయ్య పోయింది అనుకున్నప్పుడే అది మెడ మీద కూర్చుని ఉంటుంది. ఇవన్నీ చెప్పిన భద్రత క్లాసులో చివరిదాకా మెలకువగా ఉన్నది స్తంభం ఒక్కడే. శ్రద్ధ అనుకునేరు, అదేం కాదు. మోకాళ్ళు ముందు బెంచీ కింద ఇరుక్కుపోయి నిద్ర పట్టలేదు, అంతే.

ఒకరోజు సుడిగాలి వచ్చి గాలిసంచిని పీలికలు చేసింది. ఆ గాలి తనని కూడా కప్పు మీంచి ఎత్తి పక్క ఊరు దాకా తీసుకెళ్ళి, భోజనాల వేళకి మళ్ళీ తెచ్చి దింపిందని స్తంభం అంటాడు. అది మీ ఇష్టం. కొత్త సంచి కావాలని ఆఫీసుకి చెబితే కాగితం రాయమన్నారు. రాయించాడు. సంతకం కావాలన్నారు. ఒక సంతకం రెండో సంతకాన్ని వెతుక్కుంటూ పోయింది, రెండూ కలిసి ఎటు పోయాయో మళ్ళీ కనబడలేదు. పైన ఇనప స్తంభం ఉత్తగా నిలబడి ఉంటే అతనికి ఇంట్లో కూర్చున్నా తోచేది కాదు.

ఇంట్లో అతని భార్య. ఫ్యాక్టరీలో రంగుల హాలు ఆవిడది. గదంత పీపాల్లో తోళ్ళు రంగునీళ్ళతో గిరగిరా తిరుగుతుంటే, ఆ చప్పుడు మీంచి మాట్లాడి మాట్లాడి గొంతు కంచులా తయారైంది. ఆవిణ్ణి రంగులక్క అంటారు. ఆవిడకి ఒక నైటీ ఉండేది. మామూలు తెల్ల నైటీని కొని, తనే రంగు కలిపి, మూడుసార్లు ముంచి, పదేళ్ళ ఎండకైనా వెలవని నారింజ రంగు పట్టించింది. దాన్ని చూసి ఇరుగుపొరుగు కుళ్ళుకునేవాళ్ళు. రంగులక్క వారం రోజులు చెల్లెలి ఇంటికెళ్ళిన సమయం చూసి, స్తంభం ఆ నైటీ చేతులు కత్తిరించి, మెడ దగ్గర తీగ చుట్టి గుండ్రంగా కుట్టి, కింది అంచు ఇరుకు చేసి పైకెక్కించేశాడు. గొట్టంలా ఉన్న బట్ట ఇంట్లో ఇంకేం లేకపోవడమే అతని తప్పు.

తిరిగొచ్చిన రోజు రంగులక్క గేట్లో అడుగుపెడుతూనే ఆగిపోయింది. తన చేత్తో పట్టించిన రంగు ఆకాశంలో కనిపిస్తే గుర్తుపట్టదా? ఆ సాయంత్రం తలుపు వేసి, గొంతు తగ్గించి, ఒకే ఒక్క మాట చెప్పింది. రంగులక్క గొంతు తగ్గించడమే అన్నిటికన్నా భయం.

“అది నా నైటీ అని ఫ్యాక్టరీలో ఒక్క ప్రాణికి తెలిసిందా, ఇక ఇంటికి రాకు. ఆ స్తంభం మీదే కాపురం పెట్టుకో.”

స్తంభం తలమీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు. అప్పట్నించి మూడు నెలలు ఆవిడ మొగుడితో గరిటెతోనే మాట్లాడింది. అన్నం పెట్టేటప్పుడు గరిటె కంచానికి తగిలే చప్పుడుని బట్టి ఆ పూట తన పరిస్థితి ఏమిటో అతను గ్రహించేవాడు. ఫ్యాక్టరీలోనేమో ఆవిడ గోదాము పక్కనుంచి పోతూ పొరపాటున కూడా తలెత్తేది కాదు. లోకంలో ఎన్ని కోతలైనా కోసే స్తంభం ఈ ఒక్క సంగతి మాత్రం కడుపులో దాచుకున్నాడు. చెబితే ఫ్యాక్టరీ ఆరు నెలలు నవ్వుకునే కథ అది. నాలుక మీదికి రోజూ వచ్చేది, రోజూ మింగేవాడు.

ఆ ఫ్యాక్టరీలో ఇంకో అలవాటు ఉంది. నెలకోసారి, మొదటి గురువారం పదకొండింటికి, ప్రమాదం బెల్లు మోగుతుంది. గ్యాసు లేచిందనుకుని అందరూ పనులాపి తూర్పున గేటు దగ్గరికి చేరాలి. అక్కడ భద్రత ఆఫీసరు రిజిస్టరు పట్టుకుని పేర్లు పిలుస్తాడు. ఆయన మెడలో ఎప్పుడూ విజిల్ ఉంటుంది కాబట్టి ఆయన విజిల్ సారు. పిలవడం అయ్యాక కాంటీను బాబాయ్ ఒక్కొక్కరికీ బన్ను, టీ ఇస్తాడు. మొదట్లో ఎవరూ రాకపోతే రప్పించడానికి విజిల్ సారు చేసిన ఏర్పాటు అది. బ్రహ్మాండంగా పనిచేసింది. ఎంత బాగా అంటే, బెల్లు అంటే గేటు, గేటు అంటే బన్ను అని జనం ఒంట్లో ఇంకిపోయింది. ఫ్యాక్టరీ పిల్లి కూడా బెల్లు వినగానే వచ్చి లైన్లో నిలబడేది. బెల్లు మోగితే చాలు, బాబాయ్ గేటు పక్కన గ్యాసు పొయ్యి బయటపెట్టి టీ మరిగించేవాడు. పొద్దుటిపూట గాలి ఎప్పుడూ గేటు వైపునుంచి తొట్ల వైపు వీచేది కాబట్టి, గేటే భద్రమైన చోటని విజిల్ సారు పుస్తకంలో రాసుకున్నాడు. గాలి కూడా ఆ పుస్తకం చదివిందని ఆయన నమ్మకం కాబోలు.

ఆ రోజు మంగళవారం. స్తంభం గోదాము కప్పు మీద గాలిసంచి కప్పీకి గ్రీజు రాస్తున్నాడు. యాసిడ్ తెచ్చిన ట్యాంకరు తొట్ల పక్కన ఆగి ఉంది. అక్కడ రెండు పైపులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి యాసిడ్ ట్యాంకుది, ఇంకొకటి మందునీళ్ళ తొట్టిది. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. పోయిన వారం పెయింటరు రెండింటికీ నీలమే కొట్టాడు, డబ్బాలో మిగిలింది అదే కాబట్టి. ట్యాంకరు డ్రైవరు ఆ ఊరికి కొత్త. నీలం పైపుకి బిగించమన్నారు, నీలం పైపుకే బిగించాడు.

పదకొండు దాటి పది నిమిషాలకి తొట్ల గోడకున్న గ్యాసు మీటరు దానంతటదే బెల్లు మోగించింది.

గురువారం కాకపోయినా ఎవరికీ అనుమానం రాలేదు. ఆఫీసు వాళ్ళ మనసు మారి ఈ నెల రెండో బన్ను ఇస్తున్నారనుకున్నారు. నూట నలభై మందీ నవ్వుకుంటూ గేటు వైపు నడిచారు. బాబాయ్ పొయ్యి వెలిగించాడు. పిల్లి వచ్చింది. రిజిస్టరు వెతుక్కుంటూ వచ్చిన విజిల్ సారుకి ఒక్కడికే ఇది తను మోగించిన బెల్లు కాదని తెలుసు, ముఖం పాలిపోయింది. కానీ ఆయన పుస్తకంలో ఉన్నది ఒకటే, అందరినీ గేటు దగ్గర నిలబెట్టు. నిలబెట్టాడు.

పైనున్న స్తంభానికి ఇంకోటి కనిపించింది. తలమీద నైటీ ఒక్కసారి వాలి, ఏదో ఆలోచించుకున్నట్టు ఆగి, వెనక్కి తిరిగి నిండుగా ఉబ్బింది. కింది అంచు సూటిగా గేటుని చూపిస్తోంది. పొద్దుటి గాలి కాదది, పడమటి గాలి. తొట్ల మీదుగా వచ్చి, నేలబారు కాలువల వెంట, నూట నలభై మంది కాళ్ళ దగ్గరికి పోతున్న గాలి. ఆ కాలువ జాలీ బాబాయ్ పొయ్యికి రెండు అడుగుల దూరంలో ఉంది. ఆ గుంపు మధ్యలో, చేతులకి నీలం రంగు అంటుకుని, తలెత్తకుండా నిలబడి ఉంది రంగులక్క.

ప్రమాదం బెల్లుకి ఒక లెక్క ఉంది. అర నిమిషం మోగుతుంది, ఊపిరి తీసుకున్నట్టు పది సెకన్లు ఆగుతుంది, మళ్ళీ మోగుతుంది. మోగుతున్నప్పుడు పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. స్తంభం కప్పు అంచుకి పరిగెత్తి ఆ ఖాళీ కోసం కాచుకున్నాడు. ఆగగానే అరిచాడు, గాలి తిరిగింది, గేటు దగ్గర ఉండకండి, దక్షిణం పక్కకి రండి అని. కిందనుంచి నవ్వులు వచ్చాయి. సుడిగాలి మీద ఊరేగిన మనిషి గాలి గురించి చెబితే ఎవరు వింటారు? బాబాయ్ అయితే ఒక బన్ను పైకెత్తి చూపించి, దిగి రావయ్యా, నీది పక్కన పెడతాలే అన్నాడు. బెల్లు మళ్ళీ మొదలైంది.

ఆ అర నిమిషంలో స్తంభం తన జీవితంలోని కోతలన్నీ వెతికాడట. నూట నలభై తలలు ఒక్కసారి పైకి లేవాలి. నాలుగు మాటల్లో లేవాలి. సుడిగాలి పనికిరాదు, బడి కప్పు పనికిరాదు. మూడు నెలలుగా మింగుతున్నది ఒకటే మిగిలింది. అది చెబితే గరిటె చప్పుడు కూడా ఇక వినపడదు, ఆ ఇంట్లోకి అడుగు పెట్టనివ్వదు. చెప్పకపోతే ఆ ఇంట్లో గరిటె పట్టుకునే మనిషే ఉండదు.

బెల్లు ఆగింది.

“అందరూ వినండి! ఈ పైన ఎగిరేది మా ఆవిడ నైటీ!”

నూట నలభై తలలు ఒక్కసారి లేచాయి. పిల్లి కూడా చూసిందంటారు. ఆ తర్వాత నవ్వు. రేకుల కప్పులు లేచిపోయేంత నవ్వు. నవ్వనిది ఒక్క రంగులక్కే. ఆవిడ ముఖం ఏ పీపాలోనూ దొరకని ఎరుపెక్కింది. మూడు నెలల్లో మొదటిసారి తలెత్తి ఆ నైటీని చూసింది, దాని పొట్ట చూసింది, ఎటు ఉబ్బిందో చూసింది, అంచు ఎవరి వైపు వేలు చూపిస్తోందో చూసింది. మొగుడు కోతలు కోసేటప్పుడు అతని గొంతు ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. ఇది ఆ గొంతు కాదు. అప్పుడే ముక్కుకి కుళ్ళిన గుడ్ల కంపు తగిలింది.

“నవ్వింది చాలు,” అంది. పీపాల మీంచి మాట్లాడే గొంతది, మళ్ళీ మొదలైన బెల్లుకి లొంగలేదు. “అది మనవైపే చూపిస్తోంది. బాబాయ్, ముందు పొయ్యి కట్టెయ్.”

బాబాయ్ టీ పొంగు మీదుందని నసిగాడు. ఆవిడ అతన్ని పక్కకి తోసి పొయ్యి తిప్పేసింది, సిలిండరు మెడ కూడా బిగించేసింది. స్కూటరు తీయబోతున్న ఒకడి చేతిలోంచి తాళంచెవి లాక్కుంది. బండి స్టార్ట్ చేస్తే నిప్పురవ్వ చాలు, నడిచి చావమంది, అంటే బతకమని. విజిల్ సారు రిజిస్టరు గుండెలకి అదుముకుని, పుస్తకంలో గేటు అని ఉందమ్మా అన్నాడు.

“మీ పుస్తకాన్ని అడిగి గాలి తిరగలేదు సారూ. తలెత్తి చూడండి.”

విజిల్ సారు తలెత్తాడు. ఆ నైటీని ఆయన మూడే మూడు క్షణాలు చూశాడు. పన్నెండేళ్ళుగా అదే గేటు, అదే లైను, అదే బన్ను. ఆ పన్నెండేళ్ళూ గొంతులోంచి కిందికి దిగినట్టు ఒకసారి మింగి, విజిల్ నోట్లో పెట్టుకుని దక్షిణం వైపు చెయ్యి చాచి ఊదాడు. ఆ ఊదడం చూసిన వాళ్ళు ఆయన్ని ఇప్పటికీ ఒక్క మాట పడనివ్వరు.

గాలికి ఎదురు పోతే గ్యాసులోకి పోతారు, గాలితో పోతే గ్యాసు వెంట వస్తుంది. అడ్డంగా పోవాలి. తోళ్ళు ఆరేసే బయలు మీదుగా, ఆరుతున్న తోళ్ళ కింద వంగి, ముక్కులకి కొంగులు, చేతిరుమాళ్ళు అడ్డం పెట్టుకుని, ముసలివాళ్ళని చెరో జబ్బా పట్టుకుని నూట నలభై మందీ దక్షిణం గోడ తలుపు దాటి ఆటస్థలంలోకి వచ్చారు. ముందు రంగులక్క, వెనక విజిల్ సారు. పిల్లి అందరికన్నా ముందు.

విజిల్ సారు అక్కడ పేర్లు పిలిచాడు. ఫ్యాక్టరీ వాళ్ళందరూ ఉన్నారు, దక్షిణం నిచ్చెన మీంచి దిగొచ్చిన స్తంభంతో సహా. కానీ ఆయన రిజిస్టరు చివరి పేజీలో ఇంకో సంతకం ఉంది. ట్యాంకరు డ్రైవరు. లోపలికి వచ్చినట్టుంది, బయటికి పోయినట్టు లేదు. స్తంభం చెప్పాడు, కప్పు మీంచి చూశాను, ట్యాంకరుకి అవతల, పడమటి పక్క పడి ఉన్నాడని. చెబుతూనే లోపలికి రెండడుగులు వేశాడు. రెండు పాటలంత సేపు ఊపిరి బిగబట్టగలనని ఊళ్ళో అతని గొప్ప మరి.

రంగులక్క చొక్కా పట్టుకుని ఆపింది. “నీ ఊపిరి సంగతి నాకు తెలియదా? మూడో మెట్టుకే ఆయాసం. మాస్కు పెట్టుకుని వెళ్ళు.”

మూడు నెలల తర్వాత గరిటె లేకుండా మాట్లాడింది. స్తంభం వెనక్కి తిరిగాడు.

దక్షిణం గోడకున్న ఎర్ర పెట్టెలో గాలి సిలిండర్లు, మాస్కులు ఉన్నాయి. ఒంటరిగా ఎవరూ పోకూడదని క్లాసులో చెప్పిందే, కాబట్టి ఇద్దరు. రెండో మాస్కు విజిల్ సారు పెట్టుకున్నాడు, విజిల్ తీసి రంగులక్క చేతికిచ్చి. గోడ వెంట చుట్టూ తిరిగి, గాలి వీపుకి తగిలేట్టు పడమటినుంచి వెళ్ళారు. డ్రైవరు కంపు తగలగానే గాలి వచ్చేవైపు దూకబట్టి కొనఊపిరితో ఉన్నాడు. ఇవతలికి దూకి ఉంటే ఈ కథ ఇలా ఉండేది కాదు. విజిల్ సారు ట్యాంకరు వాల్వు తిప్పి యాసిడ్ ఆపాడు. స్తంభం డ్రైవర్ని చంకల కింద పట్టుకుని లాగాడు. నలభై అడుగులు లాగాడని విజిల్ సారు అంటాడు. స్తంభం చెప్పేటప్పుడు అది ఒక మైలు అవుతుంది, డ్రైవరు ట్యాంకరుతో సహా అవుతాడు. లాగింది మాత్రం నిజం.

అగ్నిమాపక బండ్లు వచ్చాయి. తొట్ల మీద నీటి తెరలు చల్లి గ్యాసుని అణచివేశాయి. వాళ్ళ పెద్దాయన మీటరు పట్టుకుని గేటు దగ్గరి కాలువ జాలీలోకి దింపి, సంఖ్య చూసి, పక్కనే ఆరిపోయి ఉన్న పొయ్యిని చూశాడు. ఆ తర్వాత పొయ్యి ఎవరు కట్టారని అడిగాడు. అందరూ రంగులక్కని చూపించారు. ఆయన టోపీ తీశాడు. ఈ కాలువలో అగ్గిపుల్ల పడితే గేటు నుంచి తొట్ల దాకా ఒకేసారి లేచేదని, ఆ గేటు దగ్గర మీరింకో పావుగంట నిలబడితే ఎంతమంది మిగిలేవాళ్ళో చెప్పలేనని అన్నాడు.

ఆటస్థలంలో డ్రైవరుకి ఆక్సిజన్ పెట్టారు. చాలాసేపటికి కళ్ళు తెరిచాడు. వెల్లకిలా పడుకున్నవాడికి ముందు కనపడేది ఆకాశమే కదా. దాన్నే చూస్తూ, మాస్కు లోపలినుంచి మెల్లగా అన్నాడు.

“ఎవరో పాపం... ఆరేసిన నైటీ తీయడం మర్చిపోయారు.”

నూట నలభై మందీ ఊపిరి బిగబట్టి రంగులక్క వైపు చూశారు. స్తంభం అయితే నేల వైపు చూశాడు. నలభై అడుగుల మీద కాపురానికి ఏమేం సామాను పట్టుకెళ్ళాలా అని ఆలోచిస్తున్నట్టుంది. రంగులక్క పెదవులు బిగించింది, ముక్కు ఎగరేసింది, ఆపుకోవాలని చూసింది. ఆపలేకపోయింది. ఆవిడ నవ్వు మొదలయ్యాక ఇక ఎవరూ ఆగలేదు. మాస్కులో డ్రైవరు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు.

“మర్చిపోలేదు అన్నా,” అంది కళ్ళు తుడుచుకుంటూ. “కావాలనే అక్కడ ఆరేశాం. ఎలా ఉంది రంగు?”

ఆ తర్వాతి నెలలో తప్పిపోయిన రెండు సంతకాలూ ఎక్కడో కలుసుకుని, ఆఫీసునుంచి అసలు గాలిసంచి వచ్చింది. ఎర్ర తెల్ల చారలతో, కంపెనీ ముద్రతో. స్తంభం దాన్ని పట్టుకుని నిచ్చెన ఎక్కబోతే నిచ్చెన కాళ్ళ దగ్గర రంగులక్క నిలబడి ఉంది. దాన్ని వేలితో రుద్ది చూసింది. రెండు వానలకి వెలిసిపోయే సరుకు అంది. దీనికోసం నా నైటీ దింపావా, చూసుకో అంది. ఆఫీసు వాళ్ళు కిక్కురుమనలేదు. కొత్త సంచిని గేటు దగ్గర వేరే స్తంభానికి కట్టారు. పైపులు మళ్ళీ ఒకటి ఎరుపు, ఒకటి నీలం అయ్యాయి. ఆ ఎరుపు కలిపింది ఎవరో చెప్పక్కర్లేదు.

విజిల్ సారు పుస్తకం కొత్తగా రాశాడు. చేరే చోట్లు ఇప్పుడు మూడు. ఏ రోజు ఏదో ముందే చెప్పరు. బెల్లు మోగగానే ప్రతి ఒక్కరూ ముందు తలెత్తాలి, తర్వాతే కదలాలి. బన్నులు మూడు చోట్లకీ పోతాయి, పొయ్యి మాత్రం ఎక్కడికీ పోదు. టీ ఫ్లాస్కులో వస్తుంది. గోడ మీద బోర్డు రాయించేటప్పుడు ఆయన చాలా తర్జనభర్జన పడ్డాడు. ఆఫీసు బోర్డు మీద నైటీ అని రాయడం బాగుండదు కదా. చివరికి ‘ముందు పైకి చూడు’ అని రాయించాడు. కానీ బెల్లు మోగిన క్షణంలో ఆయన నోటినుంచి వచ్చేది ఆ మాట కాదు.

“నైటీ! నైటీ చూడండి ముందు!” అని అరుస్తాడు, రిజిస్టరు ఊపుతూ.

మొన్న మొదటి గురువారం డ్రిల్లు అయ్యాక, రంగులక్క గోదాము నిచ్చెన ఎక్కింది. ఫ్యాక్టరీలో చేరిన ఇన్నేళ్ళలో మొదటిసారి. ఒక చేతిలో మొగుడి బన్ను, ఒక చేతిలో సూదీ దారం. పైకెక్కి, కప్పీ మీంచి నైటీని దింపించి, అంచు తిరగేసి చూసి, ఇదేం కుట్టు, కళ్ళు మూసుకుని కుట్టావా అంది. తనే కూర్చుని విప్పి మళ్ళీ కుట్టింది. స్తంభం పక్కన గొంతుక్కూర్చుని బన్ను తింటూ, ఆ రోజు తన అరుపుకి పక్క ఊళ్ళో కూడా జనం తలెత్తి చూశారని మొదలుపెట్టాడు. ఆవిడ దారం పళ్ళతో కొరికి, చూసే ఉంటారులే అంది, రంగు అలాంటిది.